గాజా, క్రిస్టలా: ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

మా మేనకోడలి గృహప్రవేశానికి కానుకగా విజయవాడ వన్‌టౌన్‌లో ఆరు గ్లాసుల సెట్టు కొన్నాను. అది మామూలు గాజు కాదని, అసలైన క్రిస్టల్ అని దుకాణదారు గట్టిగా చెప్పినా, పెట్టె మీద సీసం శాతం ఎక్కడా ముద్రించి లేదు. స్ఫటికంలో అణువులు క్రమమైన వరుసలో ఉంటాయని, గాజులో ఆ క్రమం ఉండదని, కాబట్టి క్రిస్టల్ గ్లాసు కూడా శాస్త్రరీత్యా గాజేనని తెలుసు (పేరు మాత్రమే స్ఫటికానిది!). ఐరోపా నిబంధనల ప్రకారం లెడ్ క్రిస్టల్‌లో (అంటే సీసం కలిపిన గాజులో) లెడ్ ఆక్సైడ్ కనీసం 24 శాతం ఉండాలి, సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.9 గ్రాములకు తగ్గకూడదు, మామూలు గాజుది సుమారు 2.5. గోటితో మీటితే ఖంగుమంటోంది గానీ, ఆ మోతనొక్కదాన్నే నమ్మలేను. నీటిలో ముంచి సాంద్రత లెక్కించడం వంటింటి త్రాసుతో సాధ్యమేనా? సీసం ఉందని తేలితే నిమ్మరసం వంటి పుల్లనివి పోయకూడదా? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.