అప్‌డేట్: పాత జీపు వెనక ఎడమ పక్క కుంగుడు, అసలు కారణం దొరికింది

పాత ఫోర్‌వీల్ జీపు వెనక ఎడమ పక్క కుంగుతోంది, కమాన్ పట్టీల (బండి బరువు మోసే వంపు ఉక్కు పట్టీల కట్ట) మీద టైరు ముక్క పెట్టాలా, పొడుగు షాకిల్ (పట్టీల కొసను చాసిస్‌కు కలిపే ఊగే లింకు) వేయాలా అని అడిగిన కదా. సలహాలిచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్. ముందు యూ బోల్టులు (పట్టీల కట్టను ఇరుసుకు బిగించేవి) విప్పి చూడమన్న మాటే నిజమైంది.

నల్గొండలో కమాన్ పట్టీల మేస్త్రీ కట్ట దింపితే, రెండో పట్టీ సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టేది) రంధ్రం దగ్గర అడ్డంగా విరిగి ఉంది. పైన ప్లేటు కప్పేయడంతో బయటికి కనపడదు. విరిగిన అంచు నిండా తుప్పు, అంటే పాత విరుపే.

అదే వెడల్పు, అదే మందం పట్టీ కొత్తది వేసి, రెండు పక్కలా కమాను కొట్టించినం (పట్టీలకు పోయిన వంపు మళ్లీ తెప్పించినం). ఒక్క పక్కే కొట్టిస్తే బండి మళ్లీ వంగుతుంది. సెంటర్ బోల్టు, యూ బోల్టులు, బుష్‌లు (పట్టీల కొసల్లో ఉండే రబ్బరు తొడుగులు) కొత్తవే వేయాలి. షాకిల్ బోల్టులు బండి నేల మీద నిలబడ్డాకే గట్టిగా బిగించాలి, జాకీ మీద బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి చిరుగుతుంది. 100 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి.

టైరు ముక్క దండగ, బరువంతా ఒక్కచోట పడి పక్క పట్టీ పోతుంది. షాకిల్ 2 అంగుళాలు పెంచితే లేచేది సుమారు 1 అంగుళమే, పైగా ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకు తిరుగుడు అందించే కడ్డీ) వణుకు. షాక్ అబ్జార్బర్లకు ఈ కుంగుడుతో సంబంధమే లేదు, అవి ఊపు ఆపుతాయి గానీ బరువు మోయవు. బత్తాయి లోడు వేసేవాళ్లయితే అదనపు పట్టీ వేయించుకోవచ్చు, ఖాళీ బండికి మాత్రం ఎగిరెగిరి పడుతుంది.