ఎంవీపీ కాలనీలో ఎంవీపీ అంటే ఏంటి? చుట్టుపక్కల పేర్ల సంగతి కూడా చెప్పండి

కొత్త_అద్దె:
నెల క్రితమే రాజమండ్రి నుంచి వైజాగ్ వచ్చి ఎంవీపీ కాలనీలో దిగాం. మా పాప నిన్న స్కూల్ నుంచి రాగానే "నాన్నా, ఎంవీపీ అంటే ఏంటి?" అంది. ఎవరో నాయకుడి పేరేమో అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ, తీరా అడిగితే చెప్పలేకపోయాను. నెట్‌లో వెతికితే ఫ్లాట్ల అమ్మకాలే వస్తున్నాయి. ఇసుకతోట, వెంకోజీపాలెం, బీచ్ రోడ్డులో పార్కు, వీటి గురించి కూడా ఇక్కడివాళ్లు ఎవరైనా చెప్తారా?

పాత_వాల్తేరు:
నాయకుడు కాదండీ, మువ్వలవానిపాలెం. మన వైపు ఊరి పేరులో "వానిపాలెం" అని ఉంటే దాని ముందుండేది చాలావరకు ఇంటిపేరే, అంటే మువ్వల వారి పాలెం అన్నమాట. వెంకోజీపాలెం కూడా అంతే, మనిషి పేరు మీద వచ్చిందని వింటేనే తెలుస్తుంది. తర్వాత వుడా, అంటే విశాఖ నగరాభివృద్ధి సంస్థ, లేఅవుట్ వేసి సెక్టార్లుగా విడగొట్టింది, అంత పొడుగు పేరు బస్సు బోర్డు మీదా అడ్రసుల్లోనూ మూడక్షరాలకి వచ్చేసింది. ఆ మూడక్షరాల్లో పాలెం ఉందని ఇప్పటి పిల్లలకి తెలీకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇక ఇసుకతోటకి వేరే వివరణ అక్కర్లేదు, మా ఇంటికి పునాది తీసినప్పుడు గునపం పనే పడలేదు, పార వేస్తే ఇసుకే.

ఉప్పుగాలి:
పార్కుని అందరూ వుడా పార్కు అనే అంటారు. 1978లో పెట్టిన వుడా 2018లో వీఎంఆర్‌డీఏ అయింది, బోర్డులు మారాయి కానీ ఆటోవాడికి మాత్రం వుడా పార్కనే చెప్పాలి. ఆర్కే బీచ్‌లో ఆర్కే అంటే రామకృష్ణ, ఎదురుగా ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల. పెదజాలరిపేట ఒక్కటే ఎవరూ కుదించని పేరు, జాలర్లు ఇంకా అక్కడే ఉన్నారు, పొద్దున్నే వెళ్తే వలలు బాగు చేసుకుంటూ కనిపిస్తారు.

రైలుకట్ట:
వాల్తేరుని మర్చిపోయారు. వాల్తేరు రైల్వే స్టేషన్ పేరు 1987లోనే విశాఖపట్నం అయినా రైల్వే డివిజన్ మాత్రం వాల్తేరుగానే నడిచింది. 2025 ఫిబ్రవరిలో దాన్ని కూడా విశాఖపట్నం డివిజన్‌గా మార్చడానికి కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. మా నాన్న ఆ డివిజన్‌లోనే రిటైరయ్యారు, ఆ వార్త రెండుసార్లు చదివించుకున్నారు. ఇక ఆ పేరు పెదవాల్తేరు, చినవాల్తేరు జనమే నిలబెట్టాలి.

కొత్త_అద్దె:
అందరికీ చాలా థాంక్స్. పాపకి చదివి వినిపించాను. నోట్‌బుక్ లేబుల్ మీద ఎంవీపీ కొట్టేసి మువ్వలవానిపాలెం అని రాసుకుంది, ఒక లైనులో పట్టక "పాలెం" కిందికి వచ్చింది.