పాత ఎలక్ట్రిక్ ట్రక్కును అన్నదాన ట్రస్టుకు ఇవ్వాలా, అమ్మి సొమ్ము ఇవ్వాలా?

కొర్లగుంట వర్తకుడు:
తిరుపతిలో కూరగాయల టోకు వ్యాపారం చేసే నా దగ్గర మూడేళ్ల కిందట కొన్న చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు ఉంది. కొత్తలో అరటన్ను సరుకుతో ఒక చార్జింగుకు 110 కిలోమీటర్లు నడిచేది, ఇప్పుడు 75 దాటడం లేదు. చంద్రగిరి, పాకాల, పుత్తూరు తిరిగే నాకు అది చాలక వేరే బండి తీసుకున్నాను. పాతదానికి రెండున్నర లక్షలు ఇస్తామని ఒకరు అడిగారు. ఆసుపత్రుల దగ్గర రోగుల సహాయకులకు మధ్యాహ్న భోజనం పంచే ఒక చిన్న ట్రస్టుకు దానిని ఉచితంగా ఇవ్వాలని నా ఆలోచన. వాళ్లు రోజుకు 20 కిలోమీటర్లు కూడా తిరగరు. మా అబ్బాయి మాత్రం అమ్మి డబ్బే ఇవ్వమంటున్నాడు. పెద్దలు ఏమంటారు?

చిత్తూరు ఆడిటర్:
పన్ను వరకే చూస్తే మీ అబ్బాయి మాట సరైనది. విరాళాలకు ఆదాయపు పన్నులో దొరికే, 80జి అని పిలిచే మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. బియ్యమైనా, బట్టలైనా, బండి అయినా వస్తురూపంలో ఇస్తే రాదు. నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు. అయితే మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపే లేదు కనుక ఈ వాదన అక్కడితో ఆగిపోతుంది. డాలస్‌లో ఉన్న మా బావమరిది పాత కారును దానమిచ్చి పన్ను తగ్గించుకున్నానని చెబుతుంటాడు, కానీ అక్కడి చట్టం వేరు. అక్కడ కూడా సంస్థ ఆ కారును వాడుకోకుండా అమ్మేస్తే, 500 డాలర్లకు మించిన మినహాయింపు సాధారణంగా అమ్మకపు ధరను దాటదు.

పన్ను కన్నా ముందు ఆర్‌సీ సంగతి చూడండి. బండి ఎవరి చేతిలో ఉన్నా రిజిస్టరులో పేరున్నవారినే యజమానిగా పరిగణించాలని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బండిని వేరొకరి పేరుకు మార్చే 29, 30 ఫారాలు పూర్తికాకుండా తాళం చెవి ఇవ్వకండి.

ట్రస్టు లెక్కలు చూసే సభ్యురాలు:
మాది ఇదే ఊళ్లో మరొక అన్నదాన సంస్థ. ఒక దాత మాకు పాత డీజిల్ వ్యాను ఇచ్చారు. అప్పు తీరిందన్నారు గానీ బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇవ్వలేదు, అందువల్ల బండి మా పేరుకు మారలేదు. ఏడాదిన్నర పాటు అది షెడ్డు వెనకే ఉండి, టైర్లలో గాలి దిగి, తొట్టిలో వేపాకు పేరుకుపోయింది. దాతకు పుణ్యం, మాకు దాని చుట్టూ ఊడ్చుకునే పని మిగిలాయి. మేము రోజుకు 400 రూపాయల బాడుగకు లగేజీ ఆటో పెట్టుకుంటున్నాము; మీ రెండున్నర లక్షలు అంటే మాకు 625 రోజుల బాడుగ. డ్రైవరు, బీమా, మరమ్మతు ఏదీ మా నెత్తిన ఉండదు. వర్తకుడు గారూ, డబ్బే ఇవ్వండి.

పాకాల మెకానిక్:
అమ్మా, మీ అనుభవం నిజమే, కానీ ఆ తప్పు కాగితాలది, బండిది కాదు. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదంటారు. బ్యాటరీకి మాత్రం లెక్కపెట్టే తీసుకోవాలి. శక్తి మెల్లగా తగ్గిన బ్యాటరీ వేరు, లోపల ఒక సెల్ గ్రూపు (కలిపి బిగించిన కొన్ని సెల్స్) మాత్రమే బలహీనపడిన బ్యాటరీ వేరు. మొదటిది 20 కిలోమీటర్ల పనికి ఇంకా చాలా కాలం సరిపోతుంది. రెండవదానిలో మీటరు 40 శాతం చూపిస్తూనే ఒక్కసారిగా 15కు పడిపోతుంది, అన్నం గంగాళాలతో నడిరోడ్డు మీద బండి నిలబడుతుంది. సర్వీసు కేంద్రంలో సెల్ గ్రూపుల వోల్టేజీలు చూపించుకుంటే తేడా తెలిసిపోతుంది. బరువు వేసి నడిపి చూడటం అంతకన్నా నమ్మకం. పైగా బ్యాటరీతో నడిచే సరుకు బండ్లకు 2018 నుంచి పర్మిట్ అవసరం లేదు.

రేణిగుంట పాఠకురాలు:
2023లో ఒలెక్ట్రా వారు టీటీడీకి పది ఎలక్ట్రిక్ బస్సులు ఇచ్చారు కదా, అప్పుడు ఎవరూ ఈ ప్రశ్న వేయలేదే?

ట్రస్టు లెక్కలు చూసే సభ్యురాలు:
అవి కొత్తవి, ఇచ్చినవారు తయారీదారులే. పైగా టీటీడీకి రవాణా విభాగం ఉంది. మాకు వంటవాళ్లు నలుగురు, గరిటెలు తొమ్మిది ఉన్నాయి. బ్యాటరీ పూర్తిగా చచ్చిన రోజున దానిని ఎవరికి అప్పగించాలి? 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం చెత్తతో పాటు పడేయడానికి కూడా వీల్లేదు.

పాకాల మెకానిక్:
ఆ నిబంధనలే పాత బ్యాటరీల సేకరణ బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. కొన్నప్పటి బిల్లు, వారంటీ కాగితాలు దాత నుంచి తప్పక తీసుకోవాలి.

కొర్లగుంట వర్తకుడు:
ఆదివారం 400 కిలోల ఉల్లి బస్తాలు వేసి, ఆ ట్రస్టు డ్రైవరునే కూర్చోబెట్టి రేణిగుంటకు మూడుసార్లు పోయి వచ్చాము. మొత్తం 61 కిలోమీటర్లు తిరిగాక 18 శాతం మిగిలింది, మీటరు ఎక్కడా ఒక్కసారిగా పడలేదు. కానీ మనలో ఎవరూ అడగని ప్రశ్న ఆ డ్రైవరు అడిగాడు: రాత్రి చార్జింగు ఎక్కడ పెట్టాలి? వాళ్ల వంటశాల అద్దె ఇంట్లో ఉంది, 15 ఆంపియర్ల ప్లగ్గు ఒక్కటే ఉంటే దానికి గ్రైండరు తగిలించారు. విడిగా సబ్ మీటరు పెడితేనే ఒప్పుకుంటానని ఇంటి యజమాని అన్నారు. మీటరు, వైరింగు, మొదటి ఏడాది బీమా నా ఖర్చుతో చేయిస్తున్నాను. మా అబ్బాయి ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. ఎన్‌ఓసీ చేతికి వచ్చింది; ఆర్‌సీ ట్రస్టు పేరుకు మారేదాకా బండి మా కొట్టు ముందే ఉంటుంది.