తెర వెనుక నుంచి ప్రొజెక్టర్ వేయడానికి ఏ బట్ట అనువైనది?

విశాఖపట్నం పెదజాలరిపేట యువత, తమ పెద్దలు చెప్పిన చేపల వేట అనుభవాలను ఫోన్లలో చిత్రించి, ఆ వీడియోను సముద్రతీరాన తెరపై చూపుతూ, దాని ముందు తప్పెటగుళ్ళు అనే జానపద నృత్యం ఆడే ప్రదర్శనను సిద్ధం చేస్తున్నారు. ప్రొజెక్టర్‌ను ముందు నుంచి వేస్తే, ఎగిరి ఆడేవారి నీడలు మాట్లాడుతున్న పెద్దల ముఖాలపైనే పడుతున్నాయి. ఆ ముఖాలు కనిపించకపోతే ఈ ప్రదర్శనకు అర్థమే లేదు.

అందుచేత తోలుబొమ్మలాటలో వలె వెలుగును తెర వెనుకకు మార్చి, సెట్టింగులలో బొమ్మను కుడియెడమలుగా తిప్పాము. అయితే మందపాటి దుప్పటి కడితే బొమ్మ మసకబారుతోంది, పలుచని పంచె కడితే ప్రొజెక్టర్ కాంతి సూటిగా ప్రేక్షకుల కళ్ళలో పడుతోంది. ప్రొజెక్టర్ 3,000 ల్యూమెన్లది. తెర వెడల్పు 10 అడుగులు, తెరకూ ప్రొజెక్టర్‌కూ మధ్య దూరం 15 అడుగులు, ఆట రాత్రి 7 గంటలకు. గాలికి తెర ఊగకుండా అంచులకు వెదురు కర్రలు కట్టాము.

ఈ రెండు ఇబ్బందులూ లేకుండా, మామూలు బట్టల దుకాణాలలో దొరికే ఏ బట్టను తెరగా వాడవచ్చు?