వీట్ సర్వర్ లేచింది, జాంగో ఏపీఐ మాత్రం అందట్లేదు

ప్రశ్న
ఫ్రంటెండ్ రియాక్ట్, వీట్ 5 (పేజీని మన మెషీన్లో నడిపే డెవ్ సర్వర్ టూల్) మీద. పేజీకి డేటా ఇచ్చే ఏపీఐ, అంటే బ్యాకెండ్, పైథాన్ వాడే జాంగో 4.2. వీట్ నడిచేది నోడ్ 18 మీద. 5173లో పేజీ బాగానే వస్తోంది. జాంగో 8000లో నడుస్తోంది, బ్రౌజర్లో నేరుగా తెరిస్తే జేసన్ కనిపిస్తోంది. పేజీలోంచి ఫెచ్ చేస్తే మొదట కార్స్ ఎర్రర్ (వేరే అడ్రసు జవాబుని బ్రౌజర్ పేజీకి ఇవ్వకపోవడం) వచ్చింది. వీట్ కాన్ఫిగ్‌లో /ఏపీఐకి లోకల్‌హోస్ట్:8000 అని ఒక్క లైన్లో ప్రాక్సీ (రిక్వెస్టుని జాంగోకి మళ్లించేది) రాశాక అది పోయి 500 (సర్వర్ ఎర్రర్) వస్తోంది. టెర్మినల్లో "ఈకాన్‌రిఫ్యూజ్డ్ ::1:8000" అని, అంటే కనెక్షన్ తీసుకోలేదని, పడుతోంది. ఎక్కడ చూడాలి?

జవాబు 1
ఆ ::1 దగ్గరే చూడండి. అది ఐపీవీ6 లోకల్‌హోస్ట్. నోడ్ 16 వరకు ఐపీవీ4 అడ్రసునే ముందు తీసుకునేది. 17 నుంచి సిస్టమ్ ఏ వరసలో ఇస్తే ఆ వరసే. మీ దగ్గర ::1 ముందొస్తోంది, జాంగో రన్‌సర్వర్ ఏమో మామూలుగా 127.0.0.1 మీదే వింటుంది. తలుపు ఒక వైపుంటే ఇంకో వైపు తడుతున్నట్టు. ప్రాక్సీ టార్గెట్‌లో లోకల్‌హోస్ట్ తీసేసి 127.0.0.1:8000 రాయండి, సరిపోతుంది. నోడ్ 20 ఒకటి కుదరకపోతే రెండో అడ్రసు కూడా ప్రయత్నిస్తుంది, అందుకే అదే కోడ్ పక్కవాళ్ల మెషీన్‌లో పనిచేస్తుంటుంది.

ఫెచ్‌లో పూర్తి యూఆర్‌ఎల్ ఇవ్వొద్దు, /ఏపీఐతో మొదలయ్యే పాత్ మాత్రమే ఇవ్వండి. పూర్తి అడ్రసు ఇస్తే రిక్వెస్ట్ ప్రాక్సీ ముఖం కూడా చూడదు, కార్స్ మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు
గెట్ రిక్వెస్టులు వస్తున్నాయండి, థాంక్స్. లాగిన్ పోస్ట్‌కి మాత్రం 403 (అనుమతి లేదు). సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (రిక్వెస్ట్ మన పేజీ నుంచే వచ్చిందని చూపే గుర్తు) హెడర్లో వెళ్తోంది, అయినా "ఆరిజిన్ చెకింగ్ ఫెయిల్డ్" అంటోంది.

జవాబు 2
టార్గెట్‌ని ఒక్క స్ట్రింగ్‌గా రాశారు కదా, చిక్కు అక్కడుంది. అలా రాస్తే వీట్ తనంతట తానే చేంజ్‌ఆరిజిన్ ట్రూ చేసేస్తుంది. దాంతో రిక్వెస్ట్ ఏ సర్వర్‌కో చెప్పే హోస్ట్ హెడర్ 127.0.0.1:8000గా మారుతుంది, ఏ పేజీ నుంచి వచ్చిందో చెబుతూ బ్రౌజర్ పంపిన ఆరిజిన్ హెడర్ మాత్రం లోకల్‌హోస్ట్:5173గానే ఉంటుంది. జాంగో 4.0 నుంచి ఈ రెండూ సరిపోల్చి చూస్తుంది. స్ట్రింగ్ బదులు ఆబ్జెక్ట్ రాసి, అందులో టార్గెట్ ఒక్కటే ఇవ్వండి. హోస్ట్ మారదు, చెక్ దాటుతుంది. సీఎస్‌ఆర్‌ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్ సెట్టింగ్‌లో లోకల్‌హోస్ట్:5173 చేర్చినా పని జరుగుతుంది (ముందు హెచ్‌టీటీపీ:// తప్పనిసరి). కానీ లోకల్ కోసం సెక్యూరిటీ సెట్టింగ్ కదపడం నాకైతే నచ్చదు.

పోస్ట్ పాత్ చివర స్లాష్ మర్చిపోకండి. స్లాష్‌తో ఉన్న రూట్‌కి అది లేకుండా పోస్ట్ చేస్తే డీబగ్ మోడ్‌లో జాంగో 500 ఇస్తుంది, మీరు మళ్లీ ప్రాక్సీనే తిట్టుకుంటారు.

జవాబు 3
ఇంకో మాట. 5173లో పాత సర్వర్ ఆపకుండా వదిలేస్తే వీట్ టెర్మినల్లో ఒక లైన్ వేసి 5174కి జరుగుతుంది, అది చూడకపోతే తెలియదు. అప్పుడు ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో రాసిన పోర్ట్ కలవక అదే 403 తిరిగొస్తుంది. సర్వర్ సెట్టింగ్స్‌లో స్ట్రిక్ట్‌పోర్ట్ ట్రూ పెడితే పోర్ట్ మార్చకుండా ఎర్రర్ చెప్పి ఆగిపోతుంది.

ఈ ప్రాక్సీ డెవ్ సర్వర్‌కే. బిల్డ్ చేసిన ఫైళ్లలో అది ఉండదు, అక్కడ /ఏపీఐని వెబ్ సర్వర్ అయిన ఎన్‌జింక్స్‌లోనో మరోచోటో మళ్లించాలి.