ఆరుద్ర నక్షత్రం నుంచి వాయువు అంత ఎత్తుకి ఎలా లేస్తోంది? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మన ఆరుద్ర కార్తెకు పేరిచ్చిన నక్షత్రం, అదే బెటెల్‌గూస్, 2019 చివర్లో మసకబారడం మొదలుపెట్టి 2020 ఫిబ్రవరికి బాగా తగ్గిపోయింది కదా, అప్పుడు రోజూ రాత్రి మేడ మీదకెళ్లి రోహిణి నక్షత్రంతో పోల్చి చూసేవాణ్ని. మామూలుగా రోహిణి కంటే బాగా వెలిగేది కాస్తా దానికంటే వెలవెలబోయింది, చూస్తుంటే నిజంగా టెన్షన్ పట్టుకుంది. నక్షత్రం బయటికి విసిరిన వాయువు చల్లబడి ధూళిగా మారి వెలుగుకి అడ్డొచ్చిందని హబుల్ టెలిస్కోప్ పరిశీలనల తర్వాత చెప్పారు.

నా సందేహం ఇక్కడే. సూర్యుడి సంగతి అర్థమైంది, దాని బయటి వాతావరణం, అదే కరోనా, పది లక్షల డిగ్రీలు దాటి ఉంటుంది, ఆ వేడికే సౌర పవనం (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం) బయటికి పోతుంది. ఆరుద్ర ఉపరితలం మాత్రం సుమారు 3,500 డిగ్రీలే. ధూళి రేణువులు ఏర్పడ్డాక కాంతి వాటిని తోస్తుంది, అవి వాయువును కూడా లాక్కెళ్తాయి, సరే. కానీ ధూళి కట్టాలంటే వాయువు ముందే చల్లటి ఎత్తుకి చేరాలి కదా, మరి అక్కడిదాకా లేపేదేంటి? ఉడికే అన్నంలా కుతకుతమంటూ పైకొచ్చే వేడి వాయువు పొంగులా, నక్షత్రం ఉబ్బి తగ్గే స్పందనలా, రెండూ కలిసా? డిగ్రీలో ఫిజిక్స్ చదివాను, లెక్కలతో చెప్పినా పర్లేదు.