ఇరాక్ చమురు డబ్బు ఎవరు ఎక్కువ తిన్నారు: ఐరాస పథకమా, అమెరికా కాంట్రాక్టర్లా?

పాతపేపరు:
నిన్న వేరే చర్చలో దీని మీద గొడవైంది కాబట్టి విడిగా పెడుతున్నా. ఇరాక్‌పై ఆంక్షలున్న రోజుల్లో, 1996 చివర నుంచి 2003 దాకా, ఐక్యరాజ్యసమితి ‘ఆహారానికి చమురు’ పథకం నడిపింది. ఇరాక్ చమురు అమ్మితే డబ్బు ఐరాస ఖాతాలో పడేది, దాంతో తిండి, మందులు కొనేవాళ్లు. 2003లో అమెరికా చేసిన యుద్ధం తర్వాత అదే దేశంలో అమెరికా కంపెనీలకు కాంట్రాక్టులు దక్కాయి. ఎక్కడ ఎక్కువ మింగారు?

లెక్కలమాస్టారు:
ఇందులో చర్చేముంది? 2005 అక్టోబరులో ఈ పథకంపై విచారణకు ఐరాస వేసిన వోల్కర్ కమిటీ నివేదిక వచ్చింది. 2,200కి పైగా కంపెనీలు సద్దాం ప్రభుత్వానికి ముడుపులు కట్టాయి, మొత్తం సుమారు 180 కోట్ల డాలర్లు. 2000 సంవత్సరం నుంచి ప్రతి కాంట్రాక్టు మీదా 10 శాతం, ‘అమ్మకం తర్వాతి సేవల’ పేరుతో. గోధుమలకు కూడా సేవలేమిటండీ! ఆస్ట్రేలియా గోధుమల కంపెనీ ఒక్కటే లారీ కిరాయిల పేరుతో ఒక జోర్డాన్ రవాణా కంపెనీ ద్వారా 22 కోట్ల డాలర్లు కట్టింది. ఆ జోర్డాన్ రవాణా కంపెనీ ఒక్క లారీ నడపలేదు. ఇదంతా ఐరాస కళ్ల ముందే జరిగింది.

చినుకు:
మన విదేశాంగ మంత్రి నట్వర్ సింగ్ పదవి పోయింది ఈ నివేదికతోనే కదా?

ఎర్రబస్సు:
అవును, అదే. మాస్టారూ, పథకం కింద అమ్మిన చమురు 6,400 కోట్ల డాలర్లది. అందులో మీరు చెప్పే 180 కోట్లు ఎంత శాతమో మీరే వేయండి, లెక్కలు మీ సబ్జెక్టే. ఇప్పుడు రెండోది. అమెరికా పెట్టిన తాత్కాలిక పాలన ఇరాక్ మంత్రిత్వశాఖలకిచ్చిన 880 కోట్ల డాలర్లకు సరైన లెక్క లేదని అమెరికా సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే 2005 జనవరిలో రాశాడు. వంద డాలర్ల నోట్ల కట్టలు విమానాల్లో దింపారు. టెండరు లేకుండా అమెరికా చమురు సేవల సంస్థ హాలిబర్టన్ అనుబంధ కంపెనీకి కాంట్రాక్టు ఎందుకని అడిగిన ఆర్మీ అధికారిణి బనటీన్ గ్రీన్‌హౌస్‌ను 2005లో కింది పోస్టుకు దించారు.

లెక్కలమాస్టారు:
లెక్క లేదనడం వేరు, తిన్నారనడం వేరు. ఆ ఆడిట్‌లో ‘దొంగతనం’ అని ఎక్కడుందో చూపించు.

ఎర్రబస్సు:
మన ఊళ్లో సర్పంచ్ లెక్క చూపకపోతే ఏమంటారు మీరు?

లెక్కలమాస్టారు:
చూపించు అన్నాను. సర్పంచ్ సంగతి అడగలేదు.

గోదారిగట్టు:
మీరిద్దరూ ఒక విషయం వదిలేస్తున్నారు. జోర్డాన్, టర్కీలకు ఇరాక్ చమురు దొంగచాటుగా వెళ్లేది. సద్దాంకు పథకంలోని ముడుపుల కంటే అందులోనే చాలా ఎక్కువ వచ్చింది. అమెరికాకు, భద్రతా మండలికి అది తెలుసు. మిత్రదేశాలని ఊరుకున్నారు.

లెక్కలమాస్టారు:
అది పథకం కాదు, ఇక్కడికి తేవద్దు. ఐరాస ఎంత గొప్పగా పనిచేస్తుందో నాకు ఇంట్లోనే అనుభవం. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమిస్తే మా నాన్న అక్కణ్నుంచి కట్టుబట్టలతో వచ్చాడు. ఐరాస ఇచ్చే పరిహారం చేతికొచ్చేసరికి ఏళ్లు గడిచాయి. కాగితాలు నింపిపెట్టిన బ్రోకరు వాటా తినేశాడు. అందుకే ఈ సంస్థల పేరు చెబితే నాకు మంట.

చినుకు:
బ్రోకరు ఐరాస ఉద్యోగి కాదుగా 🙂

ఎర్రబస్సు:
మాస్టారూ, ఆ పరిహారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఇరాక్ చమురు డబ్బే. పథకం కింద అమ్మిన చమురులో మొదట 30 శాతం, 2000 చివర్లో తగ్గించాక 25 శాతం, కువైట్ నష్టపరిహార నిధికి పోయేది. బస్రాలో పిల్లలకు మందుల్లేనప్పుడు కూడా.

లెక్కలమాస్టారు:
నోరు అదుపులో పెట్టుకో. మా నాన్న దొంగసొమ్ము తిన్నాడంటావా? ఏళ్ల తరబడి ఎండలో కష్టపడి కూడబెట్టింది అక్కడ వదిలేసి వచ్చాడాయన. దండెత్తినవాడే కట్టాలి.

పాతపేపరు:
ఇళ్లలోని పెద్దల జోలికి వెళ్లొద్దు, ఇద్దరికీ చెబుతున్నా.

ఎర్రబస్సు:
మీ నాన్నగారిని నేనేమీ అనలేదు, ఆయనకు రావాల్సిందే వచ్చింది. కానీ కట్టింది సద్దాం కాదు, ఆయన ప్యాలెస్‌లు ఆగలేదు. కట్టింది రేషన్ క్యూలో నిలబడ్డవాళ్లు. యుద్ధమయ్యాక ఐరాస ఖాతాలో మిగిలింది 2003 మే తీర్మానంతో అమెరికా చేతిలోని నిధికి మళ్లింది. కువైట్ నుంచి ఇంధనం తెచ్చినందుకు ఆ హాలిబర్టన్ అనుబంధ కంపెనీ 6.1 కోట్ల డాలర్లు ఎక్కువ వేసిందని 2003 డిసెంబరులో పెంటగాన్ ఆడిటర్లే అన్నారు. ఆ బిల్లులు కూడా ఎక్కువగా ఇరాక్ చమురు డబ్బుతోనే కట్టారు. మీరు రెండు అవినీతులు అంటున్నారు, నాకు ఖాతా ఒక్కటే కనిపిస్తోంది. తాళం ఎవరి దగ్గరుందన్నదే మారింది.

లెక్కలమాస్టారు:
అంటే ఆంక్షలే తప్పు, డబ్బు సద్దాం చేతిలోనే పెట్టాల్సింది అంటావు. ముందే చెబితే ఇంత టైపు చేసేవాడిని కాదు.

ఎర్రబస్సు:
ఆంక్షలు తప్పే. దొంగ చేతిలో పెట్టమనలేదు. కానీ ఆ జనాన్ని అడక్కుండా వాళ్ల డబ్బు బయటివాళ్లు పట్టుకోవడం మీకు మామూలుగా ఎలా అనిపిస్తోందో నాకు అర్థం కాదు.

లెక్కలమాస్టారు:
ఎవరిని అడుగుతావయ్యా? అక్కడ ఓటుందా? అడిగితే నాలుక కోసేవాడు. పాలకుడే దొంగ అయినప్పుడు బయటివాడు పట్టుకోక తప్పదు, పట్టుకున్నవాడు లెక్క చెప్పాలి. ఐరాస చెప్పలేదు, అదే నా కోపం.

గోదారిగట్టు:
అమెరికా చెప్పిందా మరి?

లెక్కలమాస్టారు:
చెప్పలేదు. ఆంక్షల మీద వేరే చర్చ పెట్టండి, వస్తాను. ఇక్కడ ఆ 10 శాతం గురించి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

చినుకు:
నట్వర్ సింగ్ సంగతి కూడా ఎవరూ వివరంగా చెప్పలేదు.